బండి ఆగే చోట

బండి పరిగెత్తినంతసేపూ ఆమె బాగానే ఉంది. ఆగగానే పడిపోయింది.

మూడేళ్ళ కిందట ఇదే రేసు ట్రాక్ మీద బైకు మీంచి పడినప్పుడు నడుము కింద పట్టు పోయింది. బండి ఆగితే కాలు ఆనించలేదు. ఎవరైనా పట్టుకోవాలి. ఇవాళ పట్టుకుంటానన్న స్నేహితురాలు రాలేదు. తలనొప్పట.

కోచ్ పరుగున వచ్చి బండి లేపాడు. ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాడు.

"గేర్లు చేతికి మార్పించుకున్నావు. వెనక బ్రేకు బొటనవేలికి పెట్టించుకున్నావు. అంతా బాగుంది. మలుపుల్లో మాత్రం మూటలా కూర్చుంటున్నావు. ఒళ్ళు లోపలికి వాలకపోతే బండి తిరగదమ్మా."

"తొడలతో బండిని కరుచుకుని వాలడం నాకూ వచ్చేది సార్. ఇప్పుడు ఆ తొడలేవి?"

"అదే చెప్తున్నా. వచ్చే నెల పరీక్షలో మలుపు సరిగ్గా తిరగకపోయినా, ఆగినప్పుడు పడినా, మళ్ళీ నిన్ను ఈ గేటు లోపలికి రానివ్వరు. పట్టుకునే మనిషిని నువ్వే తెచ్చుకోవాలి."

ఆమె ఫోనులో స్నేహితుల్ని ఒక్కొక్కళ్ళనే అడిగింది. ఒకప్పుడు ఆమె వెనక సీటు కోసం కొట్టుకున్నవాళ్ళే. ఇప్పుడు అందరికీ ఆదివారమే పనులు.

ఇంట్లో మంచం దిగాలన్నా, గడప దాటాలన్నా ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. బండి మీద ఉన్న కాసేపే ఆమెకు ఎవరూ అక్కర్లేదు. అదీ పోతుందా?

"నేను పట్టుకోనా?"

కంచె పక్కన ఒక పెద్దావిడ. పొడుగు మనిషి. భుజాన గుడ్డసంచి.

"ట్రాక్ ఆఫీసువాళ్ళు పంపారా ఆంటీ?"

"ఆఁ, అలాగే అనుకో."

"బరువుంటుంది మరి."

"మా బీరువా కంటేనా? బూజు దులిపినప్పుడల్లా దాన్ని జరిపేది నేనే. నువ్వు రా అమ్మాయ్."

మొదటిసారి బండి ఒరిగితే తుంటితో అడ్డుకుంది. రెండోసారి ఒరగనే లేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆగే గీత దగ్గర చేతులు చాచి నిలబడేది.

"అమ్మాయ్, ఒక మాట చెప్తాను. కోప్పడవుగా?"

"మీకు బండి నడపడం వచ్చా?"

"సైకిలు కూడా రాదు. కానీ నువ్వు ఒళ్ళంతా ఒక్కసారే ఈడుస్తున్నావు. అలా కదలదు. ముందు తల, భుజం పంపు. తర్వాత నడుము. కాళ్ళ సంగతి వదిలెయ్, అవే వస్తాయి. మలుపు మీద పడేదాకా ఆగకు, తిన్నగా పోతున్నప్పుడే జరుగు. కంగారులో జరిగితే చర్మం ఒరుసుకుపోతుంది."

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా చేసి చూసింది.

ఎడమ మలుపులో బండి తేలిగ్గా వాలింది. మూడేళ్ళలో మొదటిసారి.

మళ్ళీ వారం పెద్దావిడ సంచిలోంచి వెడల్పాటి సాగే పట్టీ తీసింది.

"మోకాళ్ళు బయటికి జారిపోతున్నాయని కుట్టాను. ట్యాంకుకి ఆనుకుని ఉంటాయి. పడితే దానంతటదే ఊడొస్తుందిలే, లాగి చూశాను."

"మీరు టైలరా?"

"ఇంట్లోవాళ్ళ వరకే."

ఆ సాయంత్రం వ్యాను కోసం ఎదురుచూస్తూ పెద్దావిడ అడిగింది. "ఇంటికెళ్ళి ఏం చేస్తావు?"

"ఏముంది, పడుకుంటా. మీరో?"

"నాకూ అంతే. ఈమధ్య మా ఇల్లు మరీ శుభ్రంగా ఉంటోంది."

ఆమె నవ్వింది. అందులో నవ్వడానికేముందో ఆలోచించలేదు.

పరీక్ష రోజు మలుపులన్నీ తిరిగింది. గీత దగ్గర ఆగింది. పడలేదు.

స్నేహితులందరూ వచ్చారు! తలనొప్పి స్నేహితురాలైతే దండ కూడా తెచ్చింది. ఫోటోలు, అరుపులు. కుర్చీతో సహా ఎత్తి కారు దాకా మోశారు.

"ఆంటీ, ఆ బండి కాస్త వ్యానెక్కించెయ్యండి!" ఆమె కారులోంచే కేకేసింది.

"అలాగే. వెళ్ళిరా అమ్మాయ్."

తర్వాతి ఆదివారం స్నేహితులకు మళ్ళీ పనులు. గీత దగ్గర ఎవరూ లేరు.

ఆమె ఆఫీసుకి వెళ్ళింది. "ఆంటీని పంపించండి."

"ఏ ఆంటీ మేడమ్? మేమెవర్నీ పెట్టలేదే."

బయట అంబులెన్సుకి ఆనుకుని నిలబడ్డ డ్రైవరు ఆ మాట విన్నాడు.

"ఆవిడ ఇక రాదమ్మా. ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నువ్వు ప్యాసయ్యేదాకా ఉంటానంది. ఉంది."

"మీకు తెలుసా ఆవిడ?"

"తెలియకేం? కొడుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఎన్నిసార్లు ఆ ఇంటికి వెళ్ళానో. అతనికీ నీలాగే నడుము కింద పట్టు పోయింది. మంచం మీద అటూ ఇటూ తిప్పడం, కూర్చోబెట్టడం, అన్నీ ఆవిడే. మొన్న వానల్లో అతను పోయేదాకా."

ఆమె కుర్చీని అతని వైపు తిప్పింది.

"అయ్యో. ఏమైంది అతనికి?"

డ్రైవరు అంబులెన్సు వదిలి దగ్గరికొచ్చాడు.

"నీకెవరూ చెప్పలేదా?"

"లేదు."

"ఆ రోజు నువ్వు ట్రాక్‌కి అడ్డంగా పడి ఉంటే, వెనకే వస్తూ నీ మీదుగా పోకుండా బండిని గోడకేసి తిప్పేశాడే, ఆ కుర్రాడే తల్లీ ఆవిడ కొడుకు."