గుర్రం లేని పురోహితుడు

1979 ఫిబ్రవరి. కాన్సస్‌లో మంచు దంచి కొడుతోంది. అచ్యుతరావు కారు జారి రోడ్డు పక్క గుంటలో దిగబడింది.

పట్టుపంచె మీద ఓవర్‌కోటు, చేతిలో హోమం సామాను సంచి. తన అవతారం చూసుకుంటే తనకే నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. విచిటాలో మధ్యాహ్నం పెళ్లి మరి!

ఉద్యోగం ఇంజనీరు. తాతగారు నేర్పిన నాలుగు మంత్రాల పుణ్యమా అని చుట్టూ మూడు రాష్ట్రాల తెలుగువాళ్లకి ఉన్న ఒక్కగానొక్క పురోహితుడైపోయాడు. నిన్న కూడా ఒమాహాలో ఎవరిదో గృహప్రవేశం. మొహమాటం!

పొద్దున గ్యాస్ స్టేషన్ నుంచి ఫోన్ చేస్తే, పెళ్లికూతురు విద్య తండ్రి డాక్టర్ నరసింహ ఒకటే మాటన్నాడు.

"ముహూర్తం తప్పిందా, పెళ్లి క్యాన్సిల్ అండీ. నా పట్టింపులు మీకు తెలుసుగా!"

ఇంతలో ఒక ట్రక్కు ఆగింది. నడిపే పెద్దాయన చర్చి పాస్టరట. ఎక్కించుకుని ముహూర్తం గొడవ విన్నాడు.

"మా ముత్తాతా మీ బాపతే. వందేళ్ల కిందట గుర్రమెక్కి ఊరూరా తిరిగేవాడు. ప్రసంగాలు, పెళ్లిళ్లు, అంత్యక్రియలు అన్నీ ఆయనే. ఓసారి వాగు పొంగితే, ఈ గట్టు నుంచి కేకలేసి ఆ గట్టు మీది జంటకి పెళ్లి చేసేశాడు. మీరూ ఫోన్‌లో కానిచ్చేయొచ్చుగా?"

"ఇది ఫోన్‌లో కుదరదండీ. నేను ఉండి తీరాలి."

"ఇంకొకరు దొరకరా?"

"దొరికితే నా గతేం కాను!"

"ఈ మంచులో ముహూర్తం పెట్టిన మహానుభావుడెవరో?"

"నేనేనండీ."

పాస్టర్ పగలబడి నవ్వాడు. "పెళ్లికొడుకైనా బుద్ధిమంతుడేనా?"

"ఏదో, ఉన్నాడు లెండి. ఒట్టి వెర్రిబాగులవాడు. ఆ పిల్ల ఎలా ఒప్పుకుందో నాకిప్పటికీ అర్థం కాదు" అన్నాడు అచ్యుతరావు దిగులుగా.

ట్రక్కు ఆగేసరికి ముహూర్తం ముంచుకొచ్చింది. గుమ్మంలోనే నరసింహ ఎదురొచ్చాడు.

"అమ్మయ్య, వచ్చారా! రండి, రండి, అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ!"

అచ్యుతరావు పరుగున వెళ్లి పీట మీద కూర్చుని, తెర పట్టమని తనే పురమాయించి, మంత్రం తనే చదువుకుంటూ, విద్య నెత్తిన జీలకర్రా బెల్లం తనే పెట్టాడు.