ఏడో ముక్క, మూడుసార్లు

ఆన్‌లైన్ పేకాట సైట్లమీద సమీక్షలు రాసి, తన లింకుతో చేరినవాళ్ళమీద కమీషన్ తీసుకోవడం వకుళ పని. ఏం రాసినా, పప్పులో తాలింపు పెట్టేలోగా వేల దొంగ సైట్లు ఎత్తుకుపోతున్నాయి. వెతికితే అవే ముందొస్తున్నాయి. దొంగతనం రుజువు చెయ్యాలని నిన్న తన సమీక్షలో ఒక అబద్ధాన్ని ఎరగా వేసింది: ఖాతా మూసెయ్యాలంటే ఏడో ముక్కను మూడుసార్లు నొక్కాలి.

ఇవాళ బెండకాయలు తరుగుతూ చూస్తే, ఆమె లింకుతోనే చేరిన మరిది శేషు ఫోన్‌ని పొడుస్తూనే ఉన్నాడు.

“ఏంటది శేషూ?”

“మానేద్దామని వదినా. ఏడో ముక్క నొక్కమన్నారు. నొక్కినప్పుడల్లా ఇంకో ఆటలోకి లాగేస్తోంది.”

వకుళ చాకు పడేసింది. “ఆపు. అది నేను రాసిన అబద్ధం. సైటువాళ్ళకి అర్జీ పెడితేనే మూస్తారు.”

తడిచేత్తోనే తన పేజీలో ఆ వాక్యం కొట్టేసి నిజం రాసింది. “ఇప్పుడడుగు.”

ఏదడిగినా నెట్‌లో వెతికి చెప్పే స్పీకరు గోడకి బిగించి ఉంది; శేషు ఆ గోడను అడిగాడు. గోడ మర్యాదగా జవాబిచ్చింది. “నలభై వేల సైట్లు మూడుసార్లు నొక్కమంటున్నాయి. ఒక్క పేజీ మాత్రం వేరేగా చెబుతోంది. అది నకిలీ, నమ్మకండి.”

శేషు వదిన ముఖంలోకి చూడలేక తల దించుకున్నాడు. వేలు లుంగీకి తుడుచుకుని మళ్ళీ తెరమీద పెట్టాడు.

“నేనే సరిగ్గా నొక్కట్లేదేమో వదినా.”