క్యాసెట్‌లో ఖాళీ

పద్నాలుగేళ్ల తర్వాత జానపద గాయకుడు భిక్షపతి కొత్త పాటల క్యాసెట్ వచ్చింది. శాలిబండలో ఇంటికి తెచ్చి, బియ్యం ఏరుతున్న భార్య కాశమ్మకు వినిపించాడు.

ప్రతి చరణం కాగానే అతని గొంతు ఆగిపోతోంది. కాసేపు డప్పు ఒక్కటే మోగుతోంది.

"ఏందయ్యా, నువ్వు కట్టిన పాటనే మర్శిపోయినవా? గల్లీ అంత నవ్వుతది!"

"నవ్వనీ తియ్."

"వంత పాడెటోళ్లే దొరకలేదా?"

"మస్తుమంది వచ్చిండ్రు. నేనే వద్దన్న."

"గందుకే గిట్లయింది!" పకపకా నవ్వింది.

మూడో చరణం అయింది. మళ్లీ డప్పు. చేటలో ఆమె చెయ్యి ఆగింది. పద్నాలుగేళ్ల కింద అతని మీద అలిగి తాను మానేసిన వంత, తనకు తెలియకుండానే నోట వచ్చేసింది.

ఆమె ముగించిన చోటే, క్యాసెట్‌లో భిక్షపతి అందుకున్నాడు.