జోడీల బడి

మొదట్లో సాంబమూర్తి చేతిలో ఉన్నవి మూడు: కొత్తవాడలో ఒక ఖాళీ కొట్టం, ఆరు పలకలు, నేతగాళ్ళ పిల్లలు పన్నెండుగురు.

వాళ్ళలో ఆరుగురికి చదవడం వచ్చు. మిగతా ఆరుగురికి నేర్పకముందే వాడలోని పాత పంతులు కలరాతో పోయాడు.

యుద్ధం రోజులు. పటాలాలకు జంపఖానాలు కావాలని కాగితాల మీద కాగితాలు వస్తున్నాయి. మగ్గాల దగ్గర వాటిని చదివే దిక్కు లేక, సాంబమూర్తి సరుకు రెండుసార్లు కొలత తప్పి తిరిగి వచ్చింది.

బడి పెట్టింది అందుకే. పిల్లల తండ్రులు మాత్రం ఒకటే మాట అన్నారు.

"దసరా దాక సూస్తం సావుకారీ. సదువు రాకుంటె మగ్గాలకు గుంజుకపోతం."

అప్పుడొచ్చాడు రాజలింగు, కాశిబుగ్గ నుంచి.

"పిల్లలకు సదువు చెప్తవా?"

"నేర్సుకునేటట్టు చేస్త."

నూలు పోగు పోగూ లాగి చూసి కొనే సాంబమూర్తి, మనిషి ముక్కు మీద కళ్ళజోడు చూసి ఇంకేమీ అడగలేదు.

రాజలింగు పిల్లల్ని జోడీలు కట్టాడు. చదువు వచ్చినవాడి పక్కన రానివాడు. ఇద్దరికీ ఒకటే పలక. బలపం మాత్రం రానివాడి చేతిలోనే. వారానికోసారి జోడీలు మారేవి.

తప్పో ఒప్పో చెప్పమని ఎవరొచ్చినా పంతులు నోట ఒకటే మాట.

"నీకెట్ల తెలిసింది? ముందుగాల నీ జోడీని ఒప్పియ్యి."

నెల తిరిగాక సాంబమూర్తి కొట్టంలోకి తొంగి చూశాడు. పిల్లలు గోలగోలగా వాదించుకుంటున్నారు. పంతులు గోడకానుకుని ఊరికే కూర్చున్నాడు.

"ఏందయ్యా, పోరగాండ్లే చెప్పుకుంటాండ్రు. నువ్వేం చేస్తానవ్?"

"ఇంటాన సావుకారీ."

"ఇనేతందుకు గోడ సాలదా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. రాజలింగూ నవ్వాడు.

"ఇంకో నెలైతె వీళ్ళకు నేనక్కెర లేదు."

"ఇయ్యాల్టి నుంచే లేదు. పో."

రాజలింగు కండువా దులుపుకుని లేచాడు.

వేరే పంతులు దొరకలేదు. పిల్లలు మాత్రం రోజూ వచ్చి జోడీలుగా కూర్చుంటూనే ఉన్నారు.

దసరా ముందు తండ్రులు దిగబడ్డారు. ఏమీ తోచక సాంబమూర్తి, ఆ పొద్దున వచ్చిన కాగితాన్ని ఎదురుగా ఉన్న మొగిలమ్మకు ఇచ్చాడు. మొగిలమ్మ, పక్క జోడీలోని అనసూయ, ఇద్దరూ అక్షరమ్ముక్క రాకుండా బడికి వచ్చినవాళ్ళే.

మొగిలమ్మ కూడబలుక్కుంటూ చదివింది. అనసూయ మధ్యలో ఆపింది.

"ఆగే. మీద తొమ్మిదడుగులన్నడు, కింద ఎనిమిదన్నడు. ఏది నిజం?"

సాంబమూర్తి కాగితం లాక్కుని చూశాడు. పొద్దున తన కంటికి అది ఆనలేదు.

"ఎవలు నేర్పిండ్రే మీకు?"

"ఎవలు లేరు. పంతులు అడిగేటివన్ని మేమే ఒకలనొకలం అడుగుతానం."

తండ్రులు పిల్లల్ని అక్కడే వదిలి వెళ్ళిపోయారు.

ఆ పూటే సాంబమూర్తి చిట్టీ రాసి బండివాడితో కాశిబుగ్గకు పంపాడు. 'తప్పు నాది. రేపే వచ్చి బడిల కూసో.'

పది రోజులైనా జవాబు లేదు. అలిగాడనుకున్నాడు. పదకొండో రోజు తనే నడిచి వెళ్ళాడు.

రాజలింగు చెల్లెలు పోశవ్వ గడపలో కూర్చుని ఉంది.

"అన్న పోయి మూడొద్దులాయె. జరమొచ్చింది."

"నా చిట్టీ అందలేదా?"

ఆమె లోపలికి వెళ్ళి తెచ్చింది. మడతల దగ్గర చిరిగిపోయేటంతగా నలిగి ఉంది.

"అందింది. దినాం ఇప్పి సూసుకుంట పండేటోడు. మీరు ఇంకేం తిట్టిండ్రోనని ఒకటే ఫికర్. ఎవలతోనన్న సదివిపిస్తనంటె వద్దనె. 'నన్ను పంతులంటాండ్రు, పరువు పోతది' అనె."

సాంబమూర్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"నలభయ్యేండ్లు జంపఖానా మగ్గం మీద ఇంకొకల పక్కన జోడీల కూసున్న మనిషి, అయ్యా. బడి గడప తొక్కింది మీ కొట్టంలనే."

ఆ బడిలో చదవడం వచ్చినవాళ్ళు మొత్తం ఎందరని సాంబమూర్తి దారి పొడుగునా లెక్క వేసుకుంటూ ఇంటికొచ్చాడు: పిల్లలు పన్నెండుగురు, పంతుల్ని కలుపుకున్నా పన్నెండే.