పాత మెయిళ్లు

“ఆ చెత్తంతా ఎందుకు చెల్లీ? కొత్త మెయిల్ సర్వీసు తీసుకుంటున్నాం కదా, అన్నీ కొత్తగానే మొదలుపెడదాం. ఇవాళే మార్చెయ్,” అన్నాడు అన్నయ్య.

అన్నాచెల్లెళ్లిద్దరూ కలిసి లిఫ్టుల మరమ్మతు కంపెనీ నడుపుతున్నారు. ఆమె రెండు సర్వీసులు చూసి పెట్టింది. ఒకదానిలోకి పాత మెయిళ్లన్నీ వచ్చేస్తాయి, రెండోదానిలోకి రావు.

“మొదటిదే మేలు అన్నయ్యా. రేపు ఏదైనా అవసరం పడితే?”

“చెప్తుంటే అర్థం కాదా?” అని అరిచాడు.

ఎన్నడూ ఆమె మీద గొంతు పెంచని మనిషి. ఆమె పాత మెయిళ్లు తెరిచి చూస్తూ పోయింది. తమ మెకానిక్ రాసిన మెయిల్ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

‘ఆసుపత్రి లిఫ్టు కేబుల్ బాగా అరిగిపోయింది సార్. వెంటనే ఆపించండి.’

రాసి తొమ్మిది రోజులైంది.

“ఇది చూశావా నువ్వు?”

“చూశాలే. వచ్చే వారం మారుద్దామనుకున్నా. ఏం కాలేదుగా!”

ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసింది. “అర్జెంటుగా లిఫ్టు ఆపించండి!”

“ఇప్పుడు ఆపడమేంటమ్మా? పొద్దున్నే తెగిపడింది. ఇద్దరు పోయారు. మీ అన్నయ్యకు అప్పుడే ఫోన్ చేసి చెప్పాం కదా!”

అన్నయ్య కీబోర్డు మీదకు చెయ్యి చాపాడు. అప్పటికే ఆమె ఆ మెయిల్‌ను ప్రింటుకిచ్చేసింది.