రాహుకాలానికి ముందు

పార్కులోని వైద్యుడి గది ముందు ఏడేళ్ల జాహ్నవికి ఊపిరి అందడం లేదు. తండ్రి త్రినాథ్ చేతిపట్టీ మీద, లైనులో వాళ్ల నంబరు నలభై ఒకటి.

"ఎక్కడైనా సరే, కుటుంబానికి రోజుకి ఒక్కసారే లైను దాటి ముందుకెళ్లే వీలు సార్. మీది పొద్దున్నే అయిపోయింది," అంది కౌంటర్లో అమ్మాయి.

త్రినాథ్ భార్య మీద విరుచుకుపడ్డాడు. "ఐస్‌క్రీమ్ లైను దాటడానికి నువ్వే పట్టీ నొక్కేసుంటావ్!"

"పిల్ల మీద ఒట్టు, నేను ముట్టుకోలేదు," అంది హైమ.

అమ్మాయి తెర చూసింది. "ఎనిమిదీ యాభై రెండు, మెయిన్ గేటు. అనవసరంగా వాడిందెవరో మీ నోటితో చెబితే ఇంకోసారి ఇస్తాం. కానీ వాళ్లు ఏడాదిపాటు ఎక్కడా లైను దాటలేరు. ఆసుపత్రిలో కూడా."

ఇవాళ శనివారం. "తొమ్మిదికి రాహుకాలంరా, పిల్ల ఈలోపే లోపల అడుగుపెట్టాలి," అంటూ గేటు దగ్గర తొందరపెట్టిన గొంతు త్రినాథ్‌కి గుర్తొచ్చింది. ఆ మనిషికి వారానికి మూడుసార్లు డయాలసిస్. లైను దాటకపోతే నెల కూడా బతకదు.

బెంచీ మీద అతని తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

పాప పెదాలు నీలంగా మారాయి.

"రాసుకోండి," అన్నాడు త్రినాథ్, బెంచీ వైపు చూడకుండా. "మా అమ్మ. రాజ్యలక్ష్మి."