పొడుగు చేతులు

సంచి నిండిపోయింది. తువ్వాళ్ళు, మార్చుకోడానికి బట్టలు, సబ్బు, తడిబట్టలు వేసుకోడానికి ప్లాస్టిక్ కవర్లు, రేపటికి అన్నీ ముందే సర్దేసింది తల్లి.

పాప మాత్రం మంచం దిగలేదు.

"నేను రాను. మీరిద్దరూ వెళ్ళండి."

"వాటర్ పార్కు, వాటర్ పార్కు అని నెల్లాళ్ళుగా మా ప్రాణాలు తోడేసింది నువ్వేగా తల్లీ!" అన్నాడు తండ్రి. రబ్బరు ట్యూబులోకి గాలి ఊదీ ఊదీ ఆయన బుగ్గలు బూరెల్లా పొంగాయి.

పాప నవ్వలేదు. కొత్త స్విమ్‌సూట్‌ని కాలితో పక్కకు నెట్టింది.

ఆ స్విమ్‌సూట్‌కి చేతుల్లేవు. వేసుకుంటే కుడి భుజం నుంచి మోచేతి దాకా ఉన్న కాలిన మచ్చ అందరికీ కనిపిస్తుంది.

తల్లి స్విమ్‌సూట్‌ని చేతిలోకి తీసుకుంది.

"దీనికి పొడుగు చేతులు కుట్టిస్తా. అప్పుడొస్తావా?"

పాప తలూపీ ఊపనట్టు ఊపింది.

వీధి చివర టైలరింగ్ షాపులో ఓనరు లేడు. కొత్తగా పనిలో చేరిన ఒకావిడ మిషను ముందు కూర్చుని ఉంది. అంత ఎండలోనూ వేళ్ళ దాకా చేతులు దిగిన చొక్కా వేసుకుంది.

"రేపు పొద్దున్నే బయల్దేరాలి. సాయంత్రానికల్లా కావాలి," అంది తల్లి, కొలతల కోసం పాప గౌను చెయ్యి పైకి జరుపుతూ.

ఆవిడ పాప భుజం చూసింది. చూపు అక్కడే నిలిచిపోయింది.

"ఎలా కాలిందమ్మా?"

"నాలుగేళ్ళప్పుడు బేబీ కేర్ సెంటర్ తగలబడింది. పాల ఫ్యాక్టరీ వెనకాల ఉండేదే, అది. ఇప్పుడా సోదంతా నీకెందుకు? కొలతలు తీసుకో."

ఆవిడ టేపు అందుకుంది. అది రెండుసార్లు జారి కింద పడింది.

"ఇలా తే, నేనే కొలుస్తా. నువ్వు రాసుకో," అని తల్లి టేపు లాక్కుంది.

సాయంత్రానికి ఒక చెయ్యే అయింది.

"పొద్దున్నుంచీ ఏం వెలగబెడుతున్నావు? రెండు చేతులు అతకడానికి ఇంతసేపా?"

"కాస్త నిదానంగా కుడతానమ్మా. పొద్దున ఆరింటికల్లా ఇంటికే తెచ్చిస్తాను."

అన్నట్టే ఆరు కాకముందే గుమ్మంలో నిలబడింది.

"ఒక్కసారి పాపకి వేసి చూస్తానమ్మా."

ఇద్దరూ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఐదు నిమిషాలైంది. పదైంది. కింద కారులోంచి తండ్రి హారన్ మీద హారన్ కొడుతున్నాడు.

తల్లి విసురుగా తలుపు తోసింది.

పాప స్విమ్‌సూట్ వేసుకుని కిలకిలా నవ్వుతోంది. ఆవిడ గబగబా తన చొక్కా చేతులు కిందకు లాక్కుంది.

తల్లి కళ్ళు మాత్రం కుట్ల మీద పడ్డాయి.

"ఇదేం కుట్టు? కోడి కెలికినట్టుంది! అవి చేతులేనా?"

ఆవిడ తల దించుకుంది.

"గట్టిగానే కుట్టానమ్మా. ఊడదు."

"నలుగురిలో వేసుకోవాల్సింది ఇది! ఉండు, మీ ఓనరుతోనే మాట్లాడతా."

ఆవిడ మెట్లు దిగుతుండగానే తల్లి ఓనరుకి ఫోన్ కలిపింది.

"పనీపాటా రానివాళ్ళని తెచ్చి కూర్చోబెట్టారేంటండీ? ఆవిడుంటే మళ్ళీ మీ షాపు గడప తొక్కను."

"అమ్మా, ఆంటీని తిట్టకు," అంది పాప.

"నువ్వు నోరు మూసుకుని కారెక్కు."

పార్కులో పాప నీళ్ళలోంచి బయటకు వస్తే ఒట్టు. పెద్ద జారుడుబల్ల తొమ్మిదిసార్లు జారింది. వంకర కుట్లలో ఒక్కటీ ఊడలేదు.

మధ్యాహ్నం ఐస్‌క్రీం తినడానికి వచ్చి, పొడుగు చేతులు రెండూ భుజాల పైదాకా మడిచేసింది.

తల్లి కంగారుగా చుట్టూ చూసింది.

"మచ్చ కనిపిస్తోందే!"

"కనిపించనీ. పొద్దున ఆంటీ తన చేతులు చూపించింది. నా మచ్చ దాని ముందు ఎంత! రెండు చేతులూ మొత్తం కాలిపోయాయమ్మా. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి."

తల్లి చేతిలో ఐస్‌క్రీం కరిగి మోచేతి దాకా కారింది.

"ఆ చేతులతోనే నాకు చక్కిలిగింతలు కూడా పెట్టింది," అని నవ్వింది పాప. "'నొప్పి ఎప్పుడో పోయిందిగా బంగారూ, ఇంక మచ్చకెందుకు భయం?' అంది."

తర్వాత తల్లి నీళ్ళలోకి దిగలేదు. 'అవి చేతులేనా' అన్న మాట తన నోటినుంచే వచ్చిందా అని కుర్చీలో కూర్చుని సాయంత్రం దాకా కుమిలిపోయింది.

మర్నాడు షాపు తెరవగానే వెళ్ళింది. మిషను ముందు ఓనరున్నాడు.

"కొత్తావిడ ఏదండీ? ఒక్క మాట చెప్పాలి."

"మీరు ఫోన్ చేశాక మాన్పించేశానమ్మా. ఎప్పట్నుంచో వచ్చే మీరు గడప తొక్కనంటే నేనేం చెయ్యను?"

"ఇల్లెక్కడ?"

"ఇల్లు ఖాళీ చేసి నిన్ననే వెళ్ళిపోయింది. ఎవరో బంధువుల దగ్గరికట. ఏ ఊరో చెప్పలేదు."



"చేతులలా ఉన్నాయని నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"ఎవరితోనూ అనదమ్మా. మీ పని వచ్చిన రోజు మాత్రం, నేను తిరిగొచ్చి చూస్తే, తిండి కూడా మానేసి కుడుతోంది. కళ్ళు తుడుచుకుంటూ తనలో తనే నవ్వుకుంటుంటే పిచ్చేమైనా పట్టిందా అనుకున్నా. వెళ్ళేటప్పుడు అడిగితే చెప్పింది. పాపకి మంటలు గుర్తొస్తాయి, మీకు చెప్పొద్దంది కూడా. కడుపులో దాచుకోలేక చెబుతున్నా."

"ఏం చెప్పింది?"

ఓనరు మిషను ఆపాడు.

"ఆ రోజు పాల ఫ్యాక్టరీ వెనక దారిన పోతూ, పిల్లల ఏడుపులు విని మంటల్లోకి పరుగెత్తిందట. ఒక్క పిల్లనే తేగలిగింది, కుడి భుజం కాలిన పిల్లని. ఆ పిల్ల బతికిందో లేదో, మొన్న మీరు షాపులోకి వచ్చేదాకా ఆవిడకి తెలీదమ్మా."